క్లినిక్‌లో అతికిన మాస్కు ఇంట్లో ఎందుకు జారింది

మా ఆవిడను డయాలిసిస్‌కు తీసుకెళ్లే దారిలో, పట్టపగలు, ఎర్ర లైటు దగ్గర కారు ఆపి నేను నిద్రపోయాను. పక్కన కూర్చున్న అనసూయ మోచెయ్యి గిల్లి, "ఏవండీ, పచ్చ పడింది. వెనక హారన్లు కొడుతున్నారు" అంది. నాకు ఒక్క హారనూ వినపడలేదు. కాలు బ్రేకు మీద ఉండబట్టి సరిపోయింది. కారు కాస్త ముందుకు జారి ఉంటే, ఎదురుగా బడిపిల్లలు రోడ్డు దాటుతున్నారు.

అప్పటికే కొన్నాళ్లుగా పొద్దున లేస్తూనే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం. గురక సంగతి సరేసరి. మనవాళ్లు గురక పెట్టేవాణ్ని చూసి, అదృష్టవంతుడు, హాయిగా నిద్రపోతాడంటారు. ఆ మాట నాతో అన్న ప్రతివాడూ నాకు గుర్తున్నాడు. ఊపిరి ఆగిపోయి, మళ్లీ ఎగశ్వాసతో అందుకోవడం హాయి ఎట్లా అవుతుందో ఒక్కడూ చెప్పలేదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆస్ట్రేలియాలో, డార్విన్ రేవులో వెల్డింగు పని చేస్తూ, డిక్షనరీ పక్కన పెట్టుకుని పాత పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకే స్లీప్ స్టడీ రిపోర్టు నేనే చదువుకున్నాను. సివియర్ అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస మాటిమాటికీ ఆగిపోతుంది. సీప్యాప్ మెషీన్ పెట్టుకోవాలి. అది మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. "మెషీన్ సరిగ్గా వాడుతున్నట్టు డేటా వచ్చేదాకా నో డ్రైవింగ్."

మరి అనసూయను డయాలిసిస్‌కు ఎవరు తీసుకెళ్తారు? అమ్మాయి లావణ్య మాతోనే ఉంటుంది గానీ దానిది ల్యాబ్‌లో షిఫ్టు ఉద్యోగం. పేషెంట్లను తీసుకెళ్లే వ్యాను వచ్చినప్పుడే వచ్చినట్టు. వానాకాలంలో ఒకరోజు రోడ్డు మునిగి అది బాగా ఆలస్యమైంది. అనసూయకు డయాలిసిస్ సగంలో ముగించారు. మర్నాటికి కాళ్లు వాచిపోయి, వంటింటిదాకా నడిస్తే ఆయాసం.

మాస్కేమో నిలిచేది కాదు. పడుకున్న కాసేపటికి జారి, బుస్సుమని గాలి కళ్లలోకి కొట్టేది. పట్టీలు బిగించాను. ముక్కు మీద పుండు పడింది. నిద్రలో నాకు తెలియకుండానే పీకేసేవాణ్ని. మెషీన్ ఆ సంగతి ఫోనుకు చేరవేసేది.

"నాన్నా, యాప్‌లో మళ్లీ రెడ్. యూ ఆర్ నాట్ ఈవెన్ ట్రయింగ్" అనేది లావణ్య.

రేవులో నాతో పనిచేసిన సత్యం ఒక ఉపాయం చెప్పాడు. "మాస్కును దిండుకు కట్టేసి పడుకో బావా. గంటలు అవే పడతాయి."

"దిండుకు లైసెన్సు అక్కర్లేదు. నాకు కావాలి" అన్నాను.

విచిత్రమేమంటే, క్లినిక్‌లో అదే మాస్కు చక్కగా అతుక్కునేది. పర్‌ఫెక్ట్ ఫిట్ అనేవాళ్లు. డాక్టరు నా ఫైల్లో 'నాన్ కంప్లయంట్' అని రాశాడు. చెప్పింది చెయ్యని మనిషి అని దానర్థం. ఏళ్ల తరబడి ఇక్కడి ఎండలో ముఖానికి వెల్డింగు షీల్డు తగిలించుకుని పనిచేసినవాణ్ని, మాస్కు భరించలేనా? ఎన్ని గంటలు పెట్టుకోలేదో చూశారు గానీ, పడుకునే ముందు నేనేం చేస్తానో ఒక్కరూ అడగలేదు. వచ్చే రివ్యూకి కూడా ఇట్లాగే ఉంటే నేను డ్రైవింగుకు పనికిరానని లైసెన్సు ఆఫీసుకు రాసి పంపుతానన్నాడు డాక్టరు.

ఆ రివ్యూ రోజున వ్యాను ముందే వచ్చేసింది. డయాలిసిస్, స్లీప్ క్లినిక్ ఒకే ఆసుపత్రిలో ఉంటాయి. స్నానం లేకుండా, నలిగిన చొక్కాతోనే ఆవిడతో వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోయాను. జిన్సీ అని ఒక మలయాళీ నర్సు పట్టీ సర్దబోతే ఆమె వేళ్లు జారాయి. వేళ్లు వాసన చూసుకుంది.

"అంకుల్, కొబ్బరినూనె రాస్తారా?"

"రోజూ పడుకునే ముందు, తలకీ ముఖానికీ. చిన్నప్పటి అలవాటు."

"మరి ఇన్నిసార్లు వచ్చారు, ఎప్పుడూ నూనె లేదే?"

"డాక్టరు దగ్గరికి తలస్నానం చెయ్యకుండా వస్తారా ఎవరైనా?"

ఆమె నవ్వింది. "మా నాన్నా అంతే అంకుల్. నూనె ముఖం మీద మాస్కు సిలికాన్ అంచు నిలవదు." తనే వెళ్లి డాక్టరుతో మాట్లాడి కొంత గడువు ఇప్పించింది.

నూనె పొద్దుటికి మార్చాను. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోవడం, లేవగానే మాస్కు కడిగి ఆరబెట్టడం, పట్టీలు వదులు చెయ్యడం. అయినా మొదట్లో గాలి మీదికొస్తుంటే గుండె దడదడలాడేది. పగలు కుర్చీలో మెలకువగా కూర్చుని, మాస్కు పెట్టుకుని రేడియో వింటూ అలవాటు చేసుకున్నాను. పుండు మానింది. తలనొప్పి పోయింది.

డేటా చూసి డాక్టరు "గుడ్ కంప్లయన్స్" అన్నాడు. అప్పుడూ మీరు చెప్పింది చేస్తూనే ఉన్నాను, ఫైల్లో ఆ పాత మాట కొట్టెయ్యండి అన్నాను. కొట్టెయ్యడం కుదరదట. మాస్కు జారడానికి కారణం వేరని దాని కింద రాశాడు. రాసేదాకా నేను లేవలేదు.

ఇప్పుడు ఏటేటా డేటా చూపించి లైసెన్సు నిలుపుకుంటున్నాను. అనసూయను నేనే తీసుకెళ్తున్నాను, ఆలస్యం లేకుండా.

మాస్కు నిలవక వదిలేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. క్లినిక్‌కు పెళ్లికి వెళ్లినట్టు తయారై వెళ్లకండి. నూనె రాస్తే నూనెతో, బామ్ రాస్తే బామ్‌తో వెళ్లండి. పెట్టుడు పళ్లు తీసి పడుకుంటే అక్కడా తీసి చూపించండి. వాళ్లు మాస్కు సరిచూడాల్సింది మీరు పడుకునే ముఖానికి.