పై పడకలో నేను నిద్రపోయిన రాత్రి

దయ్యాలను పుట్టించడం నాకు వచ్చు, నమ్మడం రాదు. బీదరు కోట మీద ఉన్న పెద్ద ఫిరంగికి అమావాస్యనాడు ఒక ముసలమ్మ నలుగు పెట్టి స్నానం చేయిస్తుందని మీరెక్కడైనా విని ఉంటే, ఆ ముసలమ్మను కన్నది నేనే. ఒక వాన సాయంత్రం కరెంటు పోయి పిల్లలు గోల చేస్తుంటే అల్లి చెప్పాను. కొన్నాళ్లకు బగ్దల్ నుంచి పాలు తెచ్చే ఆమె, ఆ ముసలమ్మను తన మేనమామ కళ్లారా చూశాడని తిరిగి నాకే చెప్పింది. నలుగుకు ఏ పిండి వాడుతుందో కూడా చెప్పింది. ఆ రోజుతో దయ్యాలంటే ఉన్న కాస్త భయమూ పోయింది.

కాబట్టి ఇప్పుడు రాసేది కూడా నా అల్లికే అని మీరనుకుంటే తప్పు పట్టను. మా ఇంట్లోవాళ్లే అట్లా అనుకున్నారు. కానీ అల్లడానికి ఓపిక కావాలి. ఆ రోజుల్లో నాకు లేనిది అదే.

మా రాష్ట్రాన్ని ఇంకా మైసూరు అనే పిలిచే కాలం. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయి అప్పటికి ఆరేళ్లు. మాట కూడా పోయింది. ఆమెది ఎడమచేతి వాటం. అంటే పనిచేసే చెయ్యే పోయిందన్నమాట. బాగున్న రోజుల్లో ఆమె గుడ్డ పిండితే మెలి మా అందరికీ తిరిగే వైపు కాకుండా ఎదురు వైపు తిరిగేది. చిన్న గుడ్డలను దులపకుండా ఆ మెలితోనే తీగ మీద పడేసేది. తీగ చూసి ఏది అత్త ఉతికిందో, ఏది కోడలు ఉతికిందో చెప్పొచ్చని మా వదినె నవ్వేది.

పడిపోయిన తర్వాత రాత్రిపూట ఆమెకు ఏం కావాలన్నా ఇత్తడి గ్లాసుతో గోడ మీద కొట్టేది. నీళ్లకు, పక్క మార్చడానికి, తడిసిన గుడ్డ తీయడానికి. గ్లాసు మోగితే నేను లేవాలి. రాత్రికి నాలుగైదుసార్లు మోగేది. ఆరేళ్లలో ఒక్క రాత్రి కూడా నేను తెల్లవారేదాకా పడుకోలేదు.

ఒకరోజు వేడి జావ గిన్నె చేతిలో ఉండగానే నిలబడి నిద్రపోయాను. గిన్నె అత్తమ్మ పాదం పక్కనే పడింది. ఇంకో జానెడు అటు పడితే కాలు బొబ్బలెక్కేది. ఆమె నన్ను ఏమీ అనలేదు, అనడానికి మాట లేదు కదా. నాకే, ఒక్క రాత్రి నిండా నిద్రపోకపోతే ఈమెను నా చేతులతోనే ఏదో ఒకటి చేస్తానని భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గోవా ఓడరేవులో పనిచేసే మా మరిది కబురు పెట్టాడు. కొడుకు పుట్టాడు, బాప్తిస్మానికి అమ్మను తీసుకురమ్మని. ఘాటు రోడ్డు మీద బస్సులో ఆమె కూర్చోలేదు. బొంబాయి దాకా రైల్లో పడుకుని వస్తే, అక్కడి నుంచి స్టీమరులో తెలిసినవాళ్ల ద్వారా ఒక గది ఇప్పిస్తానన్నాడు. గదిలో కింద రెండు పడకలు, పైన రెండు. పోయేది అయిదుగురం. అత్తమ్మ, మా ఆయన, నేను, మా అమ్మాయి లీల, కమఠాణలో ఉండే మా వదినె మార్తమ్మ. వదినె అంటే మా ఆయనకు అక్క. సముద్రం చూడాలని తనంతట తనే బయల్దేరింది.

మా ఆయన బడిలో డ్రాయింగు మాస్టరు. మరిది చెప్పిన కొలతలు పట్టుకుని మా నడిమింట్లో నేల మీద సుద్దముక్కతో ఆ గదిని గీసేశాడు. కింది పడకలకు రెండు నవారు మంచాలు. పై పడకలకు ఒక పక్క టేకు బల్ల, ఇంకో పక్క జొన్నల పెట్టె. ప్రయాణం దాకా అందులోనే పడుకుని అలవాటు చేసుకోవాలని హుకుం. అత్తమ్మకు పడక దిక్కు మారితే నిద్ర పట్టదు, అందుకని.

పక్కింటి ఆమె చూడడానికొచ్చి, గీత బయటే నిలబడి, దర్యా, అంటే సముద్రం, ఎటుపక్క అని అడిగింది. మా వదినె గీత దాటి లోపలికొస్తే మా ఆయన ఊరుకోలేదు.

"గోడలకెళ్లి వస్తవేందక్కా? తలుపు అటు ఉన్నది."

"పొయ్యి కాడికి పోవాల్నంటే సముద్రం చుట్టు తిరిగి రావాల్నారా?" అంది వదినె.

అసలు తగువు పడకల దగ్గర మొదలైంది. అత్తమ్మది కింది పడక, అందులో మాట లేదు. ఆమెకు ఎదురుగా కింద పడుకున్నవాళ్లే రాత్రి లేవాలి. అందుకని అందరికీ పై పడకే కావాలి. మా ఆయనకు నడుంనొప్పి, అయినా ఎక్కుతానన్నాడు. లీలకు కింద ఊపిరాడదట. వదినె కూడా పైనే అంది.

"బస్సు మెట్టు ఎక్కనీకి నిన్ను ఇద్దరు నూకాలె వదినె. పైకెట్ల ఎక్కుతవ్?" అన్నాను.

"ఎక్కిస్తే ఎక్కుత. దిగుడు సంగతి గోవాల చూసుకుందం."

మొదటి రాత్రి మా ఆయన ఎదురుగా పడుకున్నాడు. గ్లాసు మోగింది, ఆయన కదల్లేదు. జొన్నల పెట్టె మీది నుంచి నేను దిగాను. రెండో రాత్రి లీల. నేనే దిగాను. మూడో రాత్రి, మా అమ్మను నేను చూసుకోనా అని వదినె పడుకుంది. ఆమె గురకలో గ్లాసు చప్పుడు నాకే సరిగా వినపడలేదు. అయినా బల్ల మీది నుంచి మంచం పట్టె మీద కాలు మోపి దిగింది నేనే. మంచాలు మారాయి, లేచే మనిషి మారలేదు.

చివరికి నేనే తేల్చేశాను. ఓడలో నేను పైనే పడుకుంటాను, ఎవరు లేస్తారో మీరు చూసుకోండి అన్నాను. సరేనన్నారు. ఎట్లాగూ నేనే దిగుతానని అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

తీరా ఓడ ఎక్కితే గది అంతా తిరగబడి ఉంది. గీతలో కుడి పక్కన ఉన్న తలుపు నిజంలో ఎడమ పక్కన ఉంది. అత్తమ్మ గుండ్రటి కిటికీ కనిపించేటట్టు పడుకుంటానని సైగ చేసింది. అట్లా పడుకుంటే గోడ పక్కకు పడిపోయిన చెయ్యి వచ్చింది. గోడ మీద కొట్టడం కుదరదు. అందుకని గ్లాసు కుడిచేతికిచ్చి, పై పడకను పట్టి ఉంచే ఇనుప కడ్డీ మీద కొట్టమని చూపించాం. ఒకసారి కొట్టి చూసింది. ఆ పై పడక నాదే, కడ్డీ నా తల పక్కనే ఉంది. బడి గంట కొట్టినట్టు మోగింది.

ఎదురుగా కింద వదినె, ఆమె పైన లీల. మా ఆయన మధ్యలో నేల మీద చాప పరిచాడు. చోటు చాలక, నేను ఎక్కగానే నిచ్చెన తీసి చాప కింద పెట్టుకున్నాడు. గ్లాసు మోగితే నన్ను లేపు, నిచ్చెన వేస్తానన్నాడు. తలుపు లోపలి గడియ పడిందో లేదో ఎక్కేముందు నేనే చూశాను. కళ్లు మూసుకున్నది మాత్రం తెలుసు.

కళ్లు తెరిస్తే గదిలో ఎండ ఉంది.

మొదట ఎక్కడున్నానో తెలియలేదు. తర్వాత గ్లాసు గుర్తొచ్చింది. గ్లాసు మోగలేదు. ఆరేళ్లలో గ్లాసు మోగని రాత్రి లేదు. అంటే ఆమె పోయింది, నేను నిద్రపోతుంటే పోయింది అనుకున్నాను. కిందికి చూడడానికి ధైర్యం చాలక, మా ఆయనను పిలిచి నిచ్చెన వేయించుకుని దిగాను.

అత్తమ్మ కిటికీలో సముద్రం చూస్తూ పడుకుని ఉంది. ఒత్తిగిలి పడుకుని ఉంది. తనంతట తను ఒత్తిగిలలేదు, ఎవరో ఒకరు తిప్పాలి. కింద గుడ్డ పొడిగా ఉంది. రాత్రి నేను వేసిన గుడ్డ కాదది. గ్లాసులో నీళ్లు నిండుగా ఉన్నాయి, మీద పళ్లెం మూసి ఉంది. గడియ వేసింది వేసినట్టే ఉంది.

రాత్రి ఎవరు లేచారని అడిగాను. లీల లేవనంది. మా ఆయన నా ముఖం చూసి, నువ్వే కదా అన్నాడు. వదినె అప్పుడే లేచి కూర్చుంది. నేను లేవలేదు, తెల్లార్లూ పడుకున్నాను అని చెప్తుంటే నవ్వింది.

"పొద్దుగాల్నే మొదలువెట్టినవా సుశీలా? ముఖమన్న కడుక్కోనియ్యి."

నిచ్చెన నేల మీద, ఆయన వీపు కింద ఉంది కదా, నేనెట్లా దిగుతాను అన్నాను.

"ఇంట్ల బల్ల మీదికెళ్లి దిగలేదా? కథలు చెప్పేటోళ్లకు నిచ్చెన ఎందుకు?"

అప్పుడు చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి పోయాను. పక్కన కమ్మీ మీద రాత్రి గుడ్డ ఉతికి ఆరేసి ఉంది. దులపలేదు. మెలి మెలిగానే ఉంది. ఆ మెలి ఎదురు వైపు తిరిగి ఉంది.

నేను దాన్ని ముట్టుకోలేదు. వదినెను పిలిచి చూపించాను. ఆమె నవ్వు ఆగిపోయింది. మెల్లగా అంది, "మా అమ్మ గిట్లనే పిండేది."

మళ్లీ తనే తేరుకుంది. "నువ్వే తిప్పి పిండినవ్. కథ చెప్పనీకి."

కథ కోసం నిద్ర పాడుచేసుకునేంత ఓపిక నాకెక్కడిది వదినె అన్నాను. ఆమె గుడ్డ తీసి, దులిపి, మళ్లీ ఆరేసింది.

నేను అత్తమ్మ దగ్గర కూర్చున్నాను. రాత్రి ఎవరు లేసిండ్రత్తమ్మా అని అడిగాను. ఆమె నన్ను చూసింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, పడిపోయిన ఎడమచెయ్యి మీద వేసి, అలిసిపోయి వచ్చిన పిల్లను జోకొట్టినట్టు మెల్లగా జోకొట్టింది. ఆ ఎడమచేతిని తాకి చూశాను. ఎప్పటిలాగే చల్లగా, బరువుగా ఉంది. వేళ్లు మడవబోతే వంగలేదు.

బాప్తిస్మం బాగా జరిగింది. గోవాలో ఉన్నన్ని రాత్రులూ గ్లాసు మోగింది, నేను లేచాను. తిరుగు ప్రయాణంలో అదే స్టీమరు, అట్లాంటి గదే. పై పడకే అడిగి ఎక్కాను. నాలుగుసార్లు మోగింది, నాలుగుసార్లూ నిచ్చెన వేయించుకుని దిగాను. బీదరు చేరేసరికి నడిమింట్లో సుద్దగీతలు సగం చెరిగిపోయి ఉన్నాయి. వదినె మాత్రం తలుపు గీసిన చోటు నుంచే లోపలికొచ్చింది.

అత్తమ్మ ఇంకో రెండు వానాకాలాలు బతికింది. ఒక్కటే మార్పు. గ్లాసు మునుపటంత గట్టిగా మోగేది కాదు. నేను మెలకువగా ఉన్నానో లేదో కనుక్కుంటున్నట్టు, ముందు ఒకసారి చిన్నగా మోగి, ఆగి, తర్వాత మోగేది.

నిద్రలో లేచి నువ్వే చేశావు, యాదికి లేదు అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అయి ఉండొచ్చు. కానీ నిద్రలో నడిచే మనిషి చేతివాటం కూడా మార్చుకుంటుందా? నాకు తెలియదు. ఇంతకంటే బాగా ముగించడం నాకు వచ్చు, కానీ ఇందులో నేను కలిపింది ఏదీ లేదు. ఆ రాత్రి నేను తెల్లవారేదాకా పడుకున్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మింది ఒక్కామె. ఆమెకు మాట లేదు.