కర్టెన్లక్క ఒక్కతే వెళ్ళిన రోజు

ఆ వీధిలో కర్టెన్లు కుట్టే షాపు నడిపే ఆమెను అందరూ కర్టెన్లక్క అంటారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలుస్తారు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది, తర్వాత పట్టించుకోవడం మానేసింది. కిటికీ వంక ఒకసారి చూస్తే చాలు, దానికెంత గుడ్డ పడుతుందో, కుచ్చులు ఎంత దగ్గరగా పెడితే నిండుగా ఉంటుందో ఆమెకు తెలిసిపోతుంది. అయినా టేపు పెట్టి కొలవనిదే కత్తెర పట్టదు. ఇంకొకరు కొలిచి తెస్తే చచ్చినా నమ్మదు. వేలెడంత తేడా వస్తే కర్టెన్ నేలమీద ఈడ్చుకుంటుంది, లేదా పొట్టి లాగులా పైనే వేలాడుతుంది. ఏదైనా తిట్లు తినేది కుట్టినవాళ్ళే కదా. అందుకని ఎవరింటికైనా తనే స్వయంగా వెళ్ళి కొలుచుకోవాలి.

చిక్కంతా ఆ వెళ్ళడం దగ్గరే వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమెను కారులో తీసుకెళ్ళింది భర్తే. ఊళ్ళో దారులన్నీ ఆయనకు కొట్టినపిండి. ఆమె పక్కసీట్లో గుడ్డల నమూనాలు ఒళ్ళో పెట్టుకుని, ఏ గోడకి ఏది నప్పుతుందా అని ఆలోచించుకునేది తప్ప, కారు ఎటు తిరిగిందో చూసిన పాపాన పోలేదు. కిందటేడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తేరుకుంది, చెయ్యి తేరుకుంది, కుడిపాదంలో మాత్రం పట్టు తప్పింది. ఇక బ్రేకు మీద ఆ కాలు పెట్టడానికి వీల్లేదని డాక్టరు తెగేసి చెప్పాడు.

కొన్నాళ్ళు అద్దె డ్రైవర్లను పిలిచారు. వాళ్ళు బయట నిలబడి హారన్ కొడుతుంటే లోపల ఈమెకు అంకెలు తడబడేవి. ఒకింట్లో పడగ్గది కొలత వంటగదికి వేసి, మంచి గుడ్డ పాడుచేసుకుంది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, రేపటినుంచి కారు నేనే నడుపుతానని భర్తతో చెప్పేసింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నడపడం రాక కాదు. లైసెన్సు ఎప్పుడో తీసుకుంది, గుడ్డల మార్కెట్ దాకా నాలుగైదుసార్లు నడిపింది కూడా. ఆ రోడ్డు తిన్నగా ఉంటుంది, పోవడానికీ రావడానికీ అదే. ఆమె భయమల్లా మలుపులంటేనే. ఎడమకు తిరగమంటే ముందు ఏ చేత్తో అన్నం తింటానో గుర్తుచేసుకుని, అది కానిదేదో చూసుకుని, అప్పుడు తిప్పే మనిషి. ఫోనులో దారి చూసుకోవచ్చని పక్కషాపువాళ్ళు సలహా చెప్పారు. చూసింది. అంత చిన్న బొమ్మ చూడాలంటే కళ్ళజోడు మార్చాలి, కళ్ళజోడు మారిస్తే రోడ్డు కనపడదు.

అందుకని కారులోని పాత రేడియో పీకించి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించింది. బిగించిన మెకానిక్ నెమ్మదస్తుడు. ఫోనుకి ఏ వైరు తగిలించాలో, ఏ వైరు తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ మ్యాప్ రాదో, రెండూ చేతికిచ్చి మరీ చూపించాడు. "అమ్మా, వెళ్ళాల్సిన చోటు బండి కదలకముందే పెట్టుకోండి. కదిలాక అది టైపు చెయ్యనివ్వదు," అన్నాడు. అదేం పొగరు దానికి అని ఆమె అడిగింది. పొగరు కాదమ్మా, మన ప్రాణం మీద దానికున్న శ్రద్ధ అన్నాడు మెకానిక్. ఆ మాట ఆమెకు నచ్చింది.

వారం పాటు సాయంత్రాలు ఇంటిముందు ఆగి ఉన్న కారులోనే కూర్చుంది. అడ్రసు టైపు చెయ్యడం, చెరపడం, మళ్ళీ చెయ్యడం. మ్యాప్ పెద్దది చెయ్యబోయి పాటలు పెట్టేది, పాట ఆపబోయి ఎవరికో ఫోను కలిపేది. అలా ఒకసారి బట్టల హోల్‌సేల్ వ్యాపారికి మూడుసార్లు ఫోను వెళ్ళింది. ఆయన కంగారుపడి షాపుకే వచ్చేశాడు. వీధంతా నవ్వుకుంది. నవ్వుకోనీ అనుకుని ఆమె మళ్ళీ వెళ్ళి కారులో కూర్చుంది.

భర్త పక్కసీట్లో ఉండగా దగ్గరి ఇళ్ళకు వెళ్ళిరావడం మొదలుపెట్టింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. స్క్రీన్‌లోంచి వచ్చే ఆడగొంతుకి, ఆయనకి క్షణం పడదు. అది కుడికి తిరగమంటే ఆయన తిన్నగా పొమ్మంటాడు. దానికేం తెలుసు, ఆ సందులో చెత్తబండి ఆగుంటుంది అంటాడు. చెప్పొద్దూ, ఒక్కోసారి ఆయన మాటే నిజమయ్యేది, దాంతో బెట్టు ఇంకా పెరిగేది. ఒకరోజు పెద్ద కూడలిలో ఇద్దరూ ఒకేసారి రెండు దిక్కులు చెప్పారు. ఆమె ఎటూ తిప్పలేక నడిరోడ్డు మీద ఆపేసింది. వెనక బస్సువాడు తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేనివి.

సరిగ్గా అప్పుడే ఊరికి అవతలిపక్క కొత్తగా కట్టిన లాడ్జి నుంచి పిలుపొచ్చింది. అంత పెద్ద పని ఆ షాపుకి ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నానికల్లా వస్తే గదులన్నీ తెరిచి ఉంచుతామని, ఆ తర్వాత నేలకు పాలిష్ పెట్టించి మూసేస్తామని మేనేజరు చెప్పాడు. భర్త చొక్కా మార్చుకుని కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆమె తాళాలు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"మీరు రావద్దండి. ఇద్దరు దారి చెబితే నేను నడపలేను."

ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కేకలేసినా బాగుండేదని ఆమెకు అనిపించింది. అయినా వైరు తగిలించింది, లాడ్జి పేరు కొట్టింది, కనపడిన అడ్రసు రెండుసార్లు చదువుకుని కారు తీసింది.

మొదట్లో బాగానే సాగింది. గొంతు చెప్పినట్టు తిప్పింది, నీలం గీత వెంట వెళ్ళింది. ఇంత సులువా అని ధైర్యం కూడా వచ్చింది. ఫ్లైఓవర్ దగ్గర రోడ్డు రెండుగా చీలుతుందనగా ఫోను మోగింది. స్క్రీన్ మీద మ్యాప్ పోయి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా భర్త పేరు పరుచుకుంది. చేయి దానంతటదే వెళ్ళి పచ్చగుర్తు నొక్కింది. ఎక్కడిదాకా వెళ్ళావని అడిగాడాయన. ఆమె చెప్పేలోపే కారు ఫ్లైఓవర్ ఎక్కేసింది. ఎక్కకూడదని, ఫోను పెట్టేశాక మ్యాప్ తిరిగొచ్చినప్పుడు తెలిసింది.

పైన ఆపడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. పక్కనుంచి లారీలు రివ్వున పోతున్నాయి. స్క్రీన్ కాసేపు తెల్లబోయి, తేరుకుని, చాలా దూరం పోయి దిగమని కొత్త గీత గీసింది. సరే దిగుదాం, ఏడ్చి ఏం లాభం అని తనకు తనే పైకి చెప్పుకుంది. దిగాల్సిన చోటు దగ్గరపడుతోంది అనగా మళ్ళీ మ్యాప్ మాయమైంది. మళ్ళీ ఆయన పేరే.

పచ్చగుర్తు వైపు వెళ్ళిన వేలిని పక్కకు జరిపి ఎర్రగుర్తు నొక్కింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పిలిస్తే పలక్కపోవడం అదే మొదటిసారి. మూడోసారి మోగింది, అప్పుడూ కట్ చేసింది. ఏడుపు ముంచుకొచ్చింది గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగితే రోడ్డు అలుక్కుపోతుందని ఆపుకుంది. చెప్పినచోట దిగింది. చెప్పినచోట తిరిగింది.

లాడ్జికి చేరేసరికి పాలిష్ మనుషులు మిషను దింపుతున్నారు. వాళ్ళకంటే ముందు గదులన్నీ తిరిగి, స్టూలెక్కి దిగి, ప్రతి కిటికీనీ కొలిచింది. మేనేజరు టీ తాగమన్నా తాగలేదు. వచ్చేటప్పుడు ఒక్క మలుపూ తప్పలేదు, ఫోను కూడా మోగలేదు. మోగనందుకు కంగారుపడింది కూడా.

ఆయన గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి నిలబడ్డాడో ఆ కాలు చూస్తేనే తెలుస్తోంది, వణుకుతోంది.

"ఫోను కట్ చేశావు," అన్నాడు.

"చేశాను. మీరు చేసినప్పుడల్లా మ్యాప్ మీద మీ పేరొచ్చి కూర్చుంటోంది. దారి కనపడట్లేదు."

"అయితే ఇంక నాతో పని లేదన్నమాట."

లేదని అనకూడదు, ఉందని అబద్ధమాడకూడదు. ఆమె చేతిలోని టేపు చివరిదాకా చుట్టింది.

"దారి చెప్పడానికైతే లేదండి," అంది చివరికి. "కానీ ఇవాళ పడిన పాట్లు ఎవరికి చెప్పుకోను? ఫ్లైఓవర్ మీద భయంతో చచ్చాను. అప్పటినుంచీ మీకెలా చెప్పాలా అనుకుంటూనే వచ్చాను."

ఆయన మొహం మెల్లగా మారింది. "లాడ్జికి వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కేశావా?"

"ఎక్కేశాను."

"నేనూ ఒకసారి ఎక్కేశాను అక్కడే," అన్నాడు. "నువ్వు పక్కనే ఉన్నావు. చుట్టూ తిప్పుకొచ్చాను గానీ, నీకు తెలియనివ్వలేదు."

ఆమెకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్లమీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, గేటు దాటిన దగ్గర్నుంచి మొత్తం చెప్పుకొచ్చింది. ఆయన మధ్యలో చాలాసార్లు అడ్డొచ్చాడు, ఆమె అడ్డు రానిచ్చింది.

మర్నాడు ఇంకో ఇంటికి వెళ్ళాల్సొచ్చింది, లాడ్జికంటే దూరం. ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆయన ఫోను చెయ్యలేదు. చేరాక ఆమే చేసింది.