ఎంగిలి పేటెంటు

నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన ఒక లడ్డూల బుట్ట గుర్తొస్తే ఇప్పటికీ మొహం చిట్లిస్తాను. లడ్డూలు పాచిపోయి కాదు. బిష్టుపూర్ బజార్లో ప్రత్యేకంగా కట్టించుకొచ్చిన నేతి లడ్డూలు, గదంతా ఘుమఘుమలాడిపోయింది. వాటిని తెచ్చినాయన వెకిలి నవ్వూ, ఆ నవ్వుకి వంతపాడుతూ మా నాన్న నవ్విన నవ్వూ కలిసి నాకు లడ్డూ అంటేనే రోత పుట్టించాయి. మనవల్ని ఎత్తుకునే వయసొచ్చినా, పెళ్ళిళ్ళలో ఎవరైనా లడ్డూ వడ్డిస్తే పక్కకి జరిపేస్తాను. షుగరేమో అనుకుంటారు అందరూ. అనుకోనీ.

మేం జంషెడ్‌పూర్‌లో, సిద్ధగోరా పేటలో ఉండేవాళ్ళం. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయాడు. నాన్న ఇంజనీరింగు చదివాడు. ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం. దాని యజమాని మన తెలుగాయనే, విజయనగరం మనిషి. అయినా పనివాళ్ళందరి చేతా హిందీలో 'మాలిక్' అని పిలిపించుకునేవాడు, మేమూ ఇంట్లో అలాగే అనేవాళ్ళం. బొగ్గు మోసే పొడుగాటి బెల్టుల పక్కన వరసగా బిగించే ఎలక్ట్రానిక్ పెట్టెలు తయారుచేసేవారు అక్కడ. బెల్టు ఎక్కడ పక్కకి జారినా, ఎక్కడ చిరిగినా, ఆ చోటున్న పెట్టె తన నంబరు చెప్పి కబురు పంపాలి.

చిక్కంతా ఆ నంబర్ల దగ్గరే. పెట్టెలన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి, ఒకే వైరు మీద ఒకదాని వెనక ఒకటి. ఒక్కొక్కదాన్నీ తెరిచి, లోపల చిన్న చిన్న స్విచ్చులు నొక్కి నంబరు పెట్టాలి. ఆ దుమ్ములో, ఆ చప్పుడులో ఎవరో ఒకరు పొరపాటు పడేవారు, రెండు పెట్టెలు ఒకే నంబరు చెప్పేవి. అందుకని కరెంటు రాగానే పెట్టెలు వాటంతట అవే నంబర్లు పెట్టుకునే పద్ధతి ఒకటి మాలిక్ మా నాన్న చేత చేయించాడు. మొదటి పెట్టెకి 'నువ్వు ఒకటి' అని కబురొస్తుంది. అది ఆ నంబరు పెట్టుకున్నాకే వెనక పెట్టెకి దారి వదులుతుంది, అప్పుడు అది రెండవుతుంది. అలా చివరిదాకా. నాన్న హుషారుగా ఉన్న రోజున మా ముగ్గురు పిల్లల్నీ వరసగా నిలబెట్టి, పెద్దదాన్ని కాబట్టి నన్ను ఒకటి చేసి, ఈ ఆట ఆడించేవాడు.

ఈ పద్ధతి మీద మాలిక్ పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. కనిపెట్టింది తానేనని రాసుకున్నాడు. పేటెంటు చేతికొస్తే ఆదిత్యపూర్‌లో మరే ఫ్యాక్టరీ అలాంటి పెట్టెలు చేయడానికి వీల్లేదు. దరఖాస్తు కలకత్తా వెళ్ళింది. అక్కడ ఆ ఆఫీసులో పరీక్షాధికారి ఎవరనుకున్నారు? మా మేనత్త, నాన్నకి అక్క. ఎవరైనా 'ఇది కొత్తది, నేనే కనిపెట్టాను' అంటే, దేశదేశాల పాత కాగితాలు తిరగేసి అది నిజమో కాదో తేల్చడం ఆవిడ ఉద్యోగం. ఆవిడకి మొహమాటం అన్నది లేదు. ఎంగిలి పట్టింపు మరీ ఎక్కువ. పులుసు రుచి చూసిన గరిటె అమ్మ మళ్ళీ గిన్నెలో పెట్టిందో, ఆ పూట ఉతికి ఆరేసేది.

ఆవిడ అక్కడ ఉందని మాలిక్‌కి ఎలా తెలిసిందో గానీ, తెలిసింది. ఇక నాన్నకి నిద్ర లేదు. దరఖాస్తు పాసైతే నువ్వు చీఫ్ ఇంజనీరువి, పాస్ కాకపోతే నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, అని మాలిక్ నవ్వుతూనే చెప్పాడట. మాది అద్దె ఇల్లు. నానమ్మకి రోజూ మందులు. ఆ ఒక్క జీతం మీదే ఇంటిల్లిపాదీ బతుకుతున్నాం. అందుకే దుర్గాపూజ సెలవులకి అత్త మా ఇంటికి వస్తోందనగానే నాన్న మా అందరికీ పాఠం చెప్పాడు. అత్త ఎదురుగా నవ్వుతూ ఉండాలి, అత్తకి ఏది ఇష్టమో అదే వండాలి, ఆదివారం మాలిక్ గారు వస్తారు, ఆయన కాళ్ళకి దండం పెట్టాలి. నాన్న అలా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. నాకు నచ్చలేదు.

ఆదివారం పొద్దున్నే మాలిక్ అంబాసిడర్‌లో దిగాడు. ఒక చేతిలో పట్టుచీర, వెనకాల డ్రైవరు నెత్తిన లడ్డూల బుట్ట. వస్తూనే మా అత్త కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడు! అత్త కాళ్ళు వెనక్కి లాక్కుంది. "అరే దీదీ, మీరు మా ఇంటి లక్ష్మి. మీ సంతకం ఒక్కటి పడితే బస్, అదే చాలు, మా బతుకు బంగారం" అన్నాడు పాన్ నములుతూ. నా బుగ్గ గిల్లాడు, ఆ వేళ్ళ తడి నా బుగ్గకి అంటుకుంది. ఛీ! ఆయన ప్రతి మాటకీ నాన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఇంట్లో మాతో నవ్వే నవ్వు కాదది. మనిషి నడుం ఒంచి, చేతులు నలుపుకుంటూ, ఎదుటివాడు ఆపగానే ఆగిపోయే నవ్వు. మా నాన్నని చూసి నాకు అసహ్యం వేసింది. తండ్రిని చూసి అసహ్యపడొచ్చని అప్పటిదాకా నాకు తెలీదు, ఏడుపొచ్చింది.

ముందురోజే నాన్న ఫ్యాక్టరీ నుంచి అయిదు పెట్టెలు తెచ్చి మా భోజనాల బల్ల మీద అమర్చి ఉంచాడు. మాలిక్ స్విచ్చి వేశాడు. పెట్టెల మీది ఎర్ర దీపాలు ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా వెలిగాయి. మాలిక్ ఛాతీ విరుచుకుని, ఇదంతా తన బుర్రలో పుట్టిందనీ, రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించాడనీ చెప్పుకున్నాడు. నాన్న తలాడించాడు. అత్త అంతా విని ఒక్కటే అడిగింది.

"మీ కాగితంలో, మంచు గడ్డకట్టి వైర్ల మీద పేరుకున్నా పెట్టెలు పనిచేస్తాయని రాశారు. జంషెడ్‌పూర్‌లో మంచు ఎప్పుడు పడిందండీ?"

చలికాలంలో అప్పుడప్పుడు పొగమంచు ఉంటుంది కదా దీదీ, అని మాలిక్ ఏదో గొణిగి నాన్న వైపు చూశాడు. నాన్న నేల చూస్తున్నాడు. అప్పుడు మా అత్త ఏం చేసిందో వినండి. బుట్ట మీది కాగితం తీసి, ఒక లడ్డూ అందుకుని, కసుక్కున కొరికింది. ఆ కొరికిన లడ్డూని మళ్ళీ బుట్టలో మిగతావాటి మధ్య సర్ది, కాగితం కప్పి, రెండు చేతులతో మాలిక్ ముందుకి చాపింది. తీసుకోండి, కొత్తవి, ఎవరూ ముట్టలేదు అంది.

మాలిక్ మొహం మాడిపోయింది. "రామ రామ, ఎంగిలి!" అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనూ మొహం చిట్లించాను. గరిటె ఎంగిలి సహించని మనిషి ఇలా చేయడమేమిటి? అత్త మాత్రం నింపాదిగా చెప్పింది. ఆ దరఖాస్తు తన బల్ల మీదికే వచ్చిందట. తమ్ముడు ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నాడని పై ఆఫీసరుకి చెప్పి, అదే రోజు వేరే వాళ్ళకి అప్పగించేసిందట. కానీ ఇచ్చేముందు చదివింది. ఏదో చలిదేశంలో ఒకాయన ఎప్పుడో ఇదే రాసి పెట్టాడు, ఆ మంచుతో సహా. "లడ్డూ మీద పంటిగాటు మీకు కనబడింది. కాగితం మీదిది మాకు కనబడదా?" అంది.

మాలిక్ నవ్వు ఎక్కడికి పోయిందో! పట్టుచీర చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర నాన్నతో, "కల్ సే మత్ ఆనా" అన్నాడు, అంటే రేపటినుంచి రావద్దని. బుట్ట మాత్రం అక్కడే వదిలేసిపోయాడు.

కారు మలుపు తిరిగిందో లేదో నాన్న అక్క మీద విరుచుకుపడ్డాడు. అక్కని మెత్తగా 'అప్పా' అని పిలిచే ఆయన గొంతు అంత పైకి లేవడం మేం ఎరగం. "నీకేటప్పా, గవర్మెంటు ఉజ్జోగం! రేపట్నుంచి నా పిల్లలు ఏటి తింతారు? నీ నీతులు తింతారా?" అమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అత్త అరవనిచ్చింది. అరిచి అరిచి నాన్న కుర్చీలో కూలబడ్డాక, ఆ కాగితం రాసింది నువ్వే కదా అని అడిగింది. నాన్న అవునన్నాడు. మాలిక్ తొందరపెట్టాడనీ, ఓ విదేశీ పుస్తకం ముందు పెట్టుకుని దించేశాననీ ఒప్పుకున్నాడు.

"సరే గానీ, ఇందులో నీది ఏటుందిరా?" అంది అత్త.

నాన్న లేచి వెళ్ళి, బల్ల మీది మూడో పెట్టె కరెంటు వైరు ఫట్‌మని పీకేశాడు. దాని దీపం ఆరిపోయింది. వెనకున్న రెండూ కూడా ఆరాయి. అయిపోయింది, పాడుచేశాడు అనుకున్నాను. ఇంతలో చచ్చిన పెట్టెలో టిక్కుమని చప్పుడైంది, వెనకున్న రెండు దీపాలూ మళ్ళీ వెలిగాయి. ఇది నాది, అన్నాడు నాన్న. ఆ విదేశీ పద్ధతిలో మధ్య పెట్టె ఒకటి చస్తే దాని వెనకవాటికి నంబరే అందదట, అన్నీ మూగబోతాయట. మన బొగ్గు దుమ్ములో రోజుకో పెట్టె చస్తుంది. అందుకని లోపల ఒక రిలే, అంటే కరెంటుతో కదిలే చిన్న మీట లాంటిది, పెట్టాడు. కరెంటు పోగానే ఆ రిలే దానంతటదే వదులై, ముందు వైరునీ వెనక వైరునీ కలిపేస్తుంది. చెబుతూంటే ఆయన నడుం నిటారుగా అయింది. మా నాన్న మళ్ళీ మా నాన్నలా కనిపించాడు.

అత్త కళ్ళు మెరిశాయి. ఇది ముందు ఎవరైనా చేశారో లేదో వెతికితే గానీ చెప్పలేను, కానీ నేనైతే ఎక్కడా చూడలేదు అంది. "మరి కాగితంలో దీని ఊసే లేదేటిరా?"

"ఆళ్ళ పుత్తకంలో ఇది లేదప్పా. అంత పెద్దోళ్ళు రాయంది నేను రాత్తే నవ్వుతారని తీసేశాను" అన్నాడు నాన్న.

అత్త పెరట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర థూ అని ఉమ్మి, నోరు పుక్కిలించుకుంది. నేను చెంబు పట్టుకుని వెనకే వెళ్ళాను. నాతో మెల్లగా అంది, "కొరికిన లడ్డూ చూసి మొహం చిట్లించావు, చూశాన్లే. మీ నాన్న ఇప్పుడన్న మాటకి కూడా అలాగే చిట్లించాలే అమ్మా. పరాయిదాన్ని నాదనడం దొంగతనం. నాదాన్ని చూసుకుని సిగ్గుపడ్డం అంతకంటే రోత." అప్పుడు నాకు సగమే అర్థమైంది.

మిగతా సగం నాన్న నేర్పాడు, పాపం. మర్నాడు పొద్దున్నే సైకిలెక్కి ఆదిత్యపూర్ వెళ్ళి మాలిక్ కాళ్ళు పట్టుకున్నాడు. ఆ పెట్టెలు బాగుచేయడం ఇంకెవరికీ రాదు కాబట్టి మాలిక్ క్షమించేశాడు! పాత దరఖాస్తు చెల్లలేదు. దాని బదులు నాన్న రిలే సంగతి చెప్పాడు, దాని మీద కొత్త దరఖాస్తు వెళ్ళింది, కనిపెట్టినవాడు మళ్ళీ మాలిక్కే. ఈసారి వెతికినవాళ్ళకి అలాంటిది ముందు ఎక్కడా దొరకలేదు. పేటెంటు ఇచ్చేముందు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోమని గడువు పెట్టి ప్రకటిస్తారట. అది చూసి అత్త సెలవు పెట్టుకుని మరీ రైలెక్కి వచ్చింది. ఇది నాది, నా దగ్గర్నుంచి తీసుకున్నారు అని నువ్వొక్కడివే చెప్పాలి, నీ బదులు నేను చెబితే చెల్లదు అని బతిమాలింది. నాన్న చెయ్యి గాల్లో ఊపి, "పేరుదేటుందప్పా, జీతం వత్తంది కదా" అన్నాడు. గడువు దాటిపోయింది. నాన్నకి చీఫ్ ఇంజనీరు కుర్చీ వచ్చింది. అత్త మళ్ళీ మా ఇంట్లో భోంచేయలేదు.

నాన్న పోయాక తెలుగువాళ్ళ సంఘం హాల్లో సంతాప సభ పెట్టారు. మాలిక్ అప్పటికే లేడు, ఆయన కొడుకు మాట్లాడాడు. తన తండ్రి ఆ పెట్టెలు కనిపెట్టాడట, మా నాన్న నమ్మకంగా పక్కన నిలబడి సాయం చేశాడట. నోట్లో నాలుక లేని మనిషి, ఏనాడూ ఏదీ అడగలేదు అన్నాడు. హాలంతా తలాడించింది, ఎవరో వినయం అంటే అదీ అన్నారు. నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న అమ్మ నా చీర కుచ్చెళ్ళు లాగుతూ, కూసోయే, కూసో అంటోంది. నేను కూర్చోలేదు. ఆ పెట్టెల్లో రిలే పెట్టింది మా నాన్న, మాలిక్ కాదు, మా భోజనాల బల్ల మీద నేను కళ్ళారా చూశాను, అని చెప్పాను.

సంతాప సభలో ఇదేం మాట అని చాలామంది మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకోనీ. నిజం చెప్పాలంటే ఆ కొడుకు మీద నాకంత కోపం రాలేదు. దండ వేసిన ఫొటోలో మొహమాటంగా నవ్వుతున్న మా నాన్న మీదే వచ్చింది. ఎంత ప్రేమో అంత కోపం. మా అత్త నాకు నగా నట్రా ఏమీ ఇవ్వలేదు, దేన్ని చూసి అసహ్యపడాలో చూపించి వెళ్ళింది, అదే నా దగ్గర మిగిలింది. ఆ పెట్టెల్లోని రిలే మా నాన్నది. ఆయన చెప్పుకోలేదు కాబట్టి, కనబడ్డవాళ్ళందరికీ నేను చెబుతున్నాను.