రెండో అట్టు

నా చిన్నప్పుడు మా ఊరి టీ హోటల్లో మాకు గ్లాసులు వేరే ఉండేవి. హోటలంటే ఏమీ లేదు, బస్సు ఆగేచోట ఒక తాటాకుల పాక. లోపల బల్లల మీద కూర్చునేవాళ్లకు గాజు గ్లాసులు. ఊరి బయటి చర్చిపేట వాళ్లం కాబట్టి మేము బయట నేల మీద కూర్చోవాలి. మా సత్తు గ్లాసులు చూరులో దోపి ఉండేవి. మేమే తీసుకుని, పైనుంచి పోసిన టీ తాగి, కడిగి మళ్లీ అక్కడే దోపాలి. ఇడ్లీ తిన్నా అంతే, పళ్లెం కడిగి బోర్లించాకే కదలాలి. ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే పళ్లు తోముకోవడం లాంటిదే ఇదీ అనుకునేదాన్ని.

మా తాతయ్య మిరప కోతలకు, పత్తి తీతలకు కూలికి వెళ్లేవాడు. ఆయనకున్న బలహీనతలు రెండే, ఒకటి టీ, రెండోది నేను. ఎనభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఆదివారం ప్రభు భోజనానికని సత్తెనపల్లి చర్చికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. చీకటితోనే లేచి తొలి బస్సెక్కాం. ఆరాధనలో పెద్దవాళ్లందరూ ఒకే గిన్నెలోంచి వరసగా తాగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన తాగాక అదే గిన్నె తాతయ్య పెదవులకు అందింది. నేను వెనక చాప మీద కూర్చుని ఆకలికి ఆవలిస్తూ చూశాను. అప్పుడు దాన్ని గురించి ఏమీ అనుకోలేదు.

బయటికి రాగానే తాతయ్య, "పద తల్లీ, ఇయ్యాల కడుపునిండా టిఫిను తిందాం" అన్నాడు.

బజారులో ఉన్న ఆ హోటల్లో నాపరాయి బల్లలు, పైన తిరిగే ఫ్యాను. అలాంటిచోట నేను బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. ఇడ్లీలు, గారెలు, ఆ తర్వాత అట్టు, అల్లం పచ్చడి, నెయ్యి వేసిన కారప్పొడి. తాతయ్య కారప్పొడి నాలిక్కి రాసుకుని, "నిరుటి కాయ ఇది. రంగు చూస్తే తెలవట్లా?" అని పెద్ద వ్యాపారిలా తేల్చేశాడు. నాకు నవ్వొచ్చి పొలమారింది. నా బతుకులో అంత తిండి ఒకేసారి తిన్నది లేదు.

తినడం కాగానే అలవాటు కొద్దీ నా పళ్లెం, గ్లాసు పట్టుకుని లేచి వెనక్కి నడిచాను. తొట్టి దగ్గర గిన్నెలు తోముతున్న ముసలామె తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు కడగక్కర్లేదమ్మా. అక్కడ పెట్టి పో, ఎవరన్నా చూడకముందే" అంది గొంతు తగ్గించి.

అప్పటికే చూశారు. పక్కబల్ల దగ్గర నలుగురు తినడం ఆపారు. హోటల్లో తన ఎంగిలి పళ్లెం తనే కడుక్కునే పిల్ల ఏ పేట పిల్లో అక్కడున్న అందరికీ తెలుసు. గల్లాపెట్టె దగ్గరున్న యజమాని మెడ చాచి, "ఏ ఊరు పెద్దాయనా మీది? ఊళ్లో ఏ పక్క?" అని అడిగాడు.

తాతయ్య ఏదో ఒక అబద్ధం చెబితే బాగుండునని గట్టిగా కోరుకున్నాను. ఆ కోరిక తలుచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గేస్తుంది. తాతయ్య చేయి తన గ్లాసు చుట్టూ బిగుసుకుని ఉంది. ఆయన కూడా లేచి కడగబోతున్నాడేమో అనిపించింది. కానీ వేళ్లు ఒక్కొక్కటే విప్పి చేయి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఊరి పేరు చెప్పి, "చర్చిపేట అండి" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇటొచ్చి కూచో తల్లీ. ఇంకో అట్టు తిందాం" అని, సర్వరుతో "రెండట్లు తీసుకురా నాయనా" అన్నాడు.

సర్వరు కదల్లేదు. యజమాని మొహం చూస్తూ నిలబడ్డాడు. పక్కబల్ల వాళ్లలో ఒకాయన పళ్లెం తోసేసి వెళ్లిపోయాడు. యజమాని వెళ్లేవాణ్ణి చూశాడు, మమ్మల్ని చూశాడు, ఆ తర్వాత లోపలికి "రెండట్లు" అని కేకేశాడు. అది మంచితనమో, పొద్దున్నే గొడవెందుకన్న విసుగో నాకు తెలియదు.

ఆ అట్టు నేను సగం కూడా తినలేకపోయాను. తాతయ్యకు కూడా ఆకలి మిగిలి ఉందని అనుకోను. అయినా ముక్క ముక్క తుంచుకుని, పచ్చడి అద్దుకుని, ఏమాత్రం తొందరపడకుండా తిన్నాడు. నేను మళ్లీ పళ్లెం మీద చేయి వేస్తే నా మణికట్టు పట్టుకుని, "వదిలెయ్. తిన్నాక లేచి నడవటమే" అన్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. ముసలామె వచ్చి మా ఎంగిలి పళ్లేలు తీస్తోంది. ఆమె నావైపు చూసి తల ఊపింది.

మధ్యాహ్నం ఊళ్లో బస్సు దిగగానే పాకలోంచి టీ హోటలాయన, వయసులో మా నాన్నంత ఉంటాడు, "ఏరా, టీ తాగవా?" అని కేకేశాడు. తాతయ్య చూరువైపు చూడకుండా, "వద్దులెండి" అని నడిచాడు. చనిపోయేదాకా మళ్లీ అక్కడ తాగలేదు. ఇంట్లో కాస్తే ఆ రుచి రాదని రోజూ గొణిగేవాడు గానీ, వెళ్లలేదు. ఆయన సత్తు గ్లాసు చాలాకాలం చూరులోనే ఉంది. బడికి వెళ్తూ దాన్ని చూసేదాన్ని.

ఇప్పుడు నాకూ మనవరాలుంది. ఆదివారం ఆరాధన అయ్యాక టిఫినుకు తీసుకెళ్తాను. ఇన్నేళ్లయినా, తినగానే నా చేయి గ్లాసు మీదికే పోతుంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పి ఒళ్లో పెట్టుకుంటాను. ఆ పిల్ల మాత్రం పచ్చడి అంటిన పళ్లెం అలాగే వదిలేసి, వెనక్కైనా చూడకుండా గుమ్మం వైపు పరుగెత్తుతుంది. నేను కాసేపు ఆ పళ్లెం చూస్తూ కూర్చుని, అప్పుడు లేస్తాను.