చంకకర్ర కూర్చున్న సీటు

పటాన్‌చెరు బస్టాపులో సీటు పట్టడం ఒక విద్య. బస్సు పూర్తిగా ఆగకముందే దాని వెంట పరుగెత్తాలి. కిటికీలోంచి తువ్వాలో, టిఫిను డబ్బానో లోపలికి విసరాలి. ఆ తర్వాత తోసుకుంటూ ఎక్కి, "ఇది నా తువ్వాల" అని దర్జాగా కూర్చోవాలి. తువ్వాల పడిన సీట్లో ఇంకొకరు కూర్చోరు. పక్కవాడి పొలం గట్టును ఏటా జానెడు జరిపే పెద్దమనుషులు కూడా బస్సులో ఆ మర్యాద తప్పరు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు.

కిష్టప్పకు పరుగు లేదు. మూడేళ్ల వయసులో జ్వరం వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. అప్పట్నుంచీ చంకలో కర్ర. అతను బస్సు దగ్గరికి చేరేసరికి సీట్లన్నీ తువ్వాలలతో నిండిపోయేవి. వికలాంగుల సీటు అని రాసి ఉన్నచోట ఎప్పుడూ ఇద్దరు గట్టి మనుషులు కూర్చుని బయటికి చూస్తుండేవారు. ఆ అక్షరాలు వాళ్ల వీపుల వెనక పడేవి కాబట్టి వాళ్లను అని లాభం లేదు.

అతనికి ఒక ఉపాయం తట్టింది. బస్సు ఆగబోయే జాగా చూసుకుని ముందే నిలబడేవాడు. తలుపు పక్క కిటికీ సరిగ్గా తన ముందుకు రాగానే ఊచల మధ్య నుంచి చంకకర్రను లోపలికి జార్చేవాడు. కర్ర సీటు మీద అడ్డంగా పడుకునేది. తర్వాత బస్సు రేకును పట్టుకుని ఒంటికాలిమీద మూడు గెంతులు వేస్తే తలుపు. రాడ్డు పట్టుకుంటే పైకి. తువ్వాలలు చాలా ఉంటాయి, ఎవరిదేదో తెలియదు. కర్ర మాత్రం ఆ బస్సు మొత్తానికి ఒక్కటే. అది కిష్టప్పదని, అతను దిగే జిన్నారం దాకా అందరికీ తెలుసు.

ఇది తొంభై మూడు, తొంభై నాలుగు ప్రాంతాల మాట. కిష్టప్ప ఒక మందుల ఫ్యాక్టరీలో డబ్బాలకు లేబుళ్లు అంటించేవాడు. కూర్చుని చేసే పని, కాంట్రాక్టు కూలి. కంపెనీ బస్సు పర్మినెంటు వాళ్లకే. అందుకని రోజూ మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం మూడింటి ఆర్టీసీ బస్సుకు వచ్చేవాడు. ఇంట్లో ఎదురుచూసే వాళ్లెవరూ లేరు. తల్లి నర్సింహమ్మ పోయి నాలుగేళ్లయింది.

ఆ తల్లి బతికి ఉన్నప్పుడు అతణ్ణి వీపున వేసుకుని సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయేది. బస్సెక్కగానే గొంతెత్తి మొదలుపెట్టేది. "అయ్యా, అవిటి పోరడు, జెర జాగ ఇయ్యుండ్రి! మీ కాళ్లు మొక్కుత!" బస్సు మొత్తం తిరిగి అతని కాలి వంక చూసేది. ఆమె వీపులో ముఖం దాచుకుని ఆ పిల్లవాడు, పెద్దయ్యాక బస్సులో తన గొంతు ఎవరికీ వినిపించకూడదని గట్టిగా అనుకున్నాడు. ముప్పై ఏళ్లు వచ్చినా ఆ పట్టు వదల్లేదు. నిలబడి కాలు తిమ్మిరెక్కినా జరగమని అడిగేవాడు కాదు. దిగాల్సిన చోట అరవలేక రెండుసార్లు తర్వాతి స్టాపు దాకా పోయి వెనక్కి నడిచాడు. తన కర్రే తన తరఫున మాట్లాడుతుందని అతని ధీమా.

ఆ బస్సులోనే ముత్యమ్మ వచ్చేది. ఇంకో ఫ్యాక్టరీ క్యాంటీనులో గిన్నెలు తోమి, గడ్డపోతారంలో దిగిపోతుంది. అతని ముందు సీటు ఆమెది. ఏడేళ్లలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నవి పది మాటలుంటాయేమో. "వానొచ్చేటట్టుంది" అని ఆమె, "ఆఁ" అని అతను. ఆ "ఆఁ" తర్వాత ఇంకేం అని ఉంటే బాగుండేదా అని అతను ఇల్లు చేరేదాకా ఆలోచించేవాడు. ఒంటరివాడికి అదీ ఒక పనే.

ఆ మంగళవారం బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది. స్టాపు నిండా జనం. కిష్టప్ప అలవాటు ప్రకారం కర్రను లోపలికి జార్చాడు. రేకు పట్టుకుని ఒక గెంతు వేశాడు. ఇంతలో ఉల్లిగడ్డల బస్తా ఎత్తుకున్న మనిషొకడు అడ్డం వచ్చాడు. బస్తా ఎక్కేదాకా ఆగుదామని ఆగాడు. వెనక లారీ హారన్ మోత. కండక్టర్ భీమశంకరం ముందువైపు టికెట్లు కొడుతూ అక్కడ్నుంచే బస్సు పోనిమ్మని రెండుసార్లు సీటీ కొట్టాడు. కిష్టప్ప అరచేతి కిందనుంచి బస్సు రేకు జారిపోయింది. మోకాలిమీద పడ్డాడు.

నోరు తెరిచాడు. "ఆపుండ్రి" అన్న ఒక్క మాట చాలు. అది గొంతులోనే ఉండిపోయింది. బస్సు బొల్లారం రోడ్డుకు మళ్లింది.

పాక్కుంటూ వెళ్లి స్టాపు అరుగుమీద కూర్చున్నాడు. మొదట కంగారు పడలేదు. ఎవరో ఒకరు చూస్తారు, కర్ర ఉంది మనిషి లేడని అరుస్తారు, బస్సు ఆగుతుంది అనుకున్నాడు. అందరికంటే ముందు ముత్యమ్మ చూస్తుంది. ఎప్పుడూ కాకపోయినా అప్పుడప్పుడు వెనక్కి తిరుగుతుంది కదా. మలుపు దగ్గరే చూసి ఉంటుంది. సరే, మలుపు దగ్గర కాకపోతే బొల్లారంలో. అటువైపు నుంచి వచ్చే ప్రతి ఆటోలోనూ తన కర్ర కోసం వెతికాడు. ఆటోలు ఆగాయి, మనుషులు దిగారు, కర్ర దిగలేదు.

దాహం వేసింది. ఛాయ్ హోటలు ఎనిమిది అడుగుల దూరం. కర్ర ఉన్నవాడికి అది దూరమే కాదు. అతను హోటలు ముందున్న నీళ్ల డ్రమ్మును చూస్తూ కూర్చున్నాడు. అతనితో పాటు లేబుళ్లు అంటించే మల్లయ్య సైకిలుమీద అటే వచ్చి ఆగాడు.

"ఏంది కిష్టప్పా, ఇంక పోలే?"

"ఇంకో బస్సుకు పోత."

"ఛాయ్ తాగుదాం రారాదు."

"వద్దులే. తాగిన."

మల్లయ్య వెళ్లిపోయాడు. పక్కన కర్ర లేదని అతను చూడలేదు, ఇతను చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? మహా అయితే సైకిలుమీద కూర్చోబెట్టుకునేవాడు. పాడు పట్టుదల! ఎండిన నాలుకతో పెదవులు తడుపుకుంటూ కిష్టప్ప తనను తానే తిట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కర్ర పోయినందుకు కాదు. రెండు గంటలు గడిచినా తాను లేనని ఒక్కరికీ తెలియనందుకు.

అయిదున్నరకు అదే బస్సు తిరిగొచ్చింది. భీమశంకరం చేతిలో చంకకర్రతో దిగి, అరుగుమీద ఇతణ్ణి చూసి నవ్వాడు.

"ఈడున్నవా! ఎక్కడ దిగినవయ్యా? కట్టె మర్చిపోయి ఎట్ల నడిచినవ్?"

కిష్టప్ప కర్రను తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నువ్వు ఎనక గుంపుల ఉన్నవనుకున్న. నీది పాసాయె, టికెట్ కొట్టే పని లేదు, ఇగ నేనెందుకు దేవులాడుత? యాభై మంది నిలబడ్డరు గానీ నీ సీట్ల ఎవ్వడు కూసోలే, తెలుసా? ఒకడు కూసోబోతే ఆ గడ్డపోతారం ముత్యమ్మ కొట్లాటకు లేసింది. గది కిష్టప్ప జాగ, కట్టె కనవడ్తలేదా అని. ఆమె దిగినంక గూడ ఖాళీనే. జిన్నారం దాక ఒక్కతే పోయింది నీ కట్టె, దొరసానోలె!"

కిష్టప్పకు మొదట గుండె నిండినట్టయింది. తన కోసం ఒక మనిషి కొట్లాడింది. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. అంత కొట్లాడిన మనిషి కూడా తనెక్కడున్నాడని చూడలేదు. కర్రను చూసి ఊరుకుంది. ఏడేళ్లుగా ఆ బస్సులో అందరూ ఎరిగింది కర్రనేనా?

మర్నాడు మూడింటికి స్టాపులో ముత్యమ్మే అతని దగ్గరికి వచ్చింది. మామూలుగా రాదు.

"నిన్న నీ సీటుకాడ ఎంత లొల్లి అయిందో ఎరుకేనా? గంట సేపు ఆపిన. నువ్వేడ నిలవడ్డవ్?"

చెప్పడానికి ఇంతకంటే మంచి అదను రాదు. కిష్టప్ప నేలచూపు చూశాడు.

"ఎనక నిలవడ్డ."

"మంచిగుంది! సీటు పెట్టుకుని నిలవడ్డవా?" అని విసుక్కుంటూనే ఆమె పరుగు తీసింది. బస్సు వచ్చేసింది.

కిటికీ అతని ముందు ఆగింది. కిష్టప్ప కర్రను ఎత్తి ఊచల మధ్య నుంచి జార్చాడు. చేతిలోంచి కర్ర వెళ్లిపోయిన ఆ క్షణంలో నిన్నటి రేకు మళ్లీ అరచేతి కింద జారుతున్నట్టనిపించింది. గొంతు దానంతటదే తెరుచుకుంది.

"ఆపుండ్రి! నేను కిందనే ఉన్న! నేను ఎక్కలే!"

అచ్చం తల్లి గొంతు. స్టాపు మొత్తం తిరిగి చూసింది. బస్సు కదల్లేదు, ఇంజను కూడా ఆపేసి ఉంది.

"ఆగే ఉంది గద, ఎందుకు మొత్తుకుంటవ్?" అన్నారెవరో. నలుగురు నవ్వారు.

ముత్యమ్మ నవ్వలేదు. అప్పటికే లోపలికి చేరి, సీటు మీది కర్రను సరిచేస్తూ ఉంది. కిటికీలోంచి అతని ముఖం చూసింది. తర్వాత తన చేతిలోని కర్రను చూసింది.

"నిన్న నువ్వు ఎక్కనే లేదా?" అని మెల్లగా అడిగింది.

కిష్టప్ప తల అడ్డంగా ఊపాడు.

ఆమె ఇంకేమీ అడగలేదు. కర్రను ఊచల మధ్య నుంచి బయటికి, అతని చేతికే ఇచ్చింది. ఖాళీ సీట్లో తన టిఫిను డబ్బా పెట్టింది. అతను కర్ర మీద ఆనుకుని తలుపు దాకా నడిచి, అందరికంటే చివర ఎక్కాడు. అప్పటిదాకా ఆమె భీమశంకరాన్ని సీటీ కొట్టనివ్వలేదు.

గడ్డపోతారంలో దిగేటప్పుడు ఆమె డబ్బా అడిగింది, అతను ఇచ్చాడు. జిన్నారం దాకా పక్కన ఎవరూ కూర్చోలేదు. అరిచిన గొంతు ఇంకా మంటగానే ఉంది. కిష్టప్ప కర్రను రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుని ఇంటికి పోయాడు.