ఖాళీ గడి ఒప్పుకోని కవిత్వం

ఆఫీసులో అందరూ ఆయన్ని కొర్రీలయ్య అనేవాళ్ళు, ఆయన లేనప్పుడు. దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా కనబడితే చాలు, లంకెబిందెలు దొరికినంత సంబరంగా కొర్రీ రాసి తిప్పి పంపేవాడు. పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మ, "పుట్టిన తేదీ నాకేం తెలుసు నాయనా?" అని ఏడిస్తే, "తెలుసుకుని రా" అన్న మనిషి.

అలాంటాయనకు కవిత్వం పిచ్చి పట్టింది. సొంతంగా ఒక్క పాదమూ కుదరక, కంప్యూటర్ క్లాసుకెళ్ళి ఓ ప్రోగ్రాం రాసుకొచ్చాడు. పేరు, హోదా, రెండు సుగుణాలు, సాయం పొందిన ఒకరి పేరు అడుగుతుంది. అన్నీ కొడితే నాలుగు పాదాలు కక్కుతుంది. ఏ గడి వదిలినా ససేమిరా అంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా! రిటైరైన ప్రతివాడూ వీడ్కోలు సభలో ఆ కవిత విని తరించాల్సిందే.

తీరా ఆయన వంతు వచ్చింది. నలుగురిలో తన గురించి ఒక్క మంచిమాట వినాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. భార్యను కూడా తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆఫీసులో ఆయన పక్క సీటు అమ్మాయి టైపు చేయడానికి కూర్చుంది. కాస్త తడుముకున్నా సుగుణాల కింద 'సమయపాలన', 'చేతిరాత' కొట్టేసింది. సాయం పొందినవారి గడి దగ్గర మాత్రం బండి ఆగింది.

"ఎవరైనా చెప్పండి," అంది. అందరూ ఫ్యాను వైపు చూశారు.

"పోనీ మీరే చెప్పండి సార్. ఎవరో ఒకరుంటారుగా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. తిప్పి పంపిన మొహాలు వరసగా గుర్తొస్తున్నాయి గాని, పని చేసిపెట్టిన మొహం ఒక్కటీ తట్టలేదు. "మా ఆవిడ పేరు కొట్టమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"మధ్యలో నన్నెందుకు లాగుతారండీ?" అందావిడ. హాలంతా గొల్లుమంది.

ఇక గత్యంతరం లేక, ఖాళీ గడినీ ఒప్పుకునేలా ప్రోగ్రాంని ఆయనే సవరించాడు. కవిత వచ్చింది. అమ్మాయి మైకు అందుకుంది.

"సమయపాలనలో సాటిలేని వాడవు,
చేతిరాతలో చేయి తిరిగినవాడవు..."

మూడో పాదంలో పేరుండాల్సిన చోట ఏమీ కనబడక ఆగిపోయింది. అయిపోయిందనుకుని అందరూ హమ్మయ్యని చప్పట్లు కొట్టి, టీల వైపు నడిచారు. ఆయన సిగ్గుతో చితికిపోయాడు. ఎదురుగా తెర మీద నాలుగో పాదం ఉంది: 'మరువలేము నిన్ను మేము ఎన్నటికీ.'

అటెండరు వచ్చాడు. "కంప్యూటర్ ఆపేయమంటారా సార్?"

"ఆగవయ్యా, ఇంకో పాదం ఉంది," అన్నాడాయన.

అటెండరు అప్పటికే స్విచ్చి నొక్కేశాడు.