వెనకచేతి పరీక్ష

గుడివాడలో నీటి మోటార్లు తయారుచేసే కంపెనీలో నాది టెస్టింగ్ ఉద్యోగం. మోటారులో కరెంటు లీకవుతోందా, అతిగా వేడెక్కుతోందా, నీళ్లు ఎంత ఎత్తుకు తోడుతోంది అన్నీ చూసి, కాగితం నింపి సంతకం పెడతాను. ఆ తర్వాతే దాని మీద ఐఎస్ఐ మార్కు ఎక్కుతుంది. తనిఖీ అధికారి వచ్చినప్పుడు మా ఓనరు నన్ను "మా ఇంజనీరు గారు" అంటాడు. ఆ అధికారి కారు గేటు దాటగానే మళ్లీ "ఏవయ్యా" అయిపోతాను.

బందరులో ఉండే మా అత్తగారికి మాత్రం నా సంతకం మీద గురి లేదు. ఆవిడ గిలకలదిండి హార్బర్లో చేపలు కొని, ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి అమ్ముతుంది. రోజూ పొద్దున్నే చేపలు కడగడానికి మోటారు వెయ్యాలి. నేనే మా కంపెనీ మోటారు తెచ్చి బిగించాను. ఆవిడ స్విచ్ వేసి, పైపు సర్దే ముందు, చెయ్యి తిరగేసి వేళ్ల వెనకవైపుతో మోటారును ఒకసారి తాకి చూసేది. అరచేత్తో ముట్టుకుంటే కరెంటు పట్టేసి వదలదని, వెనకచేత్తో అయితే విదిలించి కొడుతుందని ఆవిడ నమ్మకం. ఫ్రిజ్జుకీ గ్రైండరుకీ అదే పరీక్ష. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అలాగే చూసిందని మా ఆవిడ అంటుంది.

నాకు ఒళ్లు మండింది. "అత్తయ్యగారూ, దీన్ని పరీక్ష చేసింది నేనేనండీ. మార్కు కనపడట్లేదా?" అన్నాను.

"మార్కు మోటారుకి కదండీ అల్లుడు గారూ. తడి చేతులు నావి."

అయినా ఆ తర్వాత మానేసింది. అల్లుడి మాట తీసెయ్యడం ఎందుకనుకుందేమో. నేను గెలిచినట్టు పొంగిపోయాను.

ఆవిడకు చెప్పని సంగతి ఒకటుంది. మోటారు నుంచి వచ్చే పచ్చ వైరును ఎర్త్‌కు కలపాలి. అప్పుడే పొరపాటున కరెంటు లీకైనా మనిషిలోకి కాకుండా భూమిలోకి పోతుంది. ఆ ఇంట్లో ఎర్త్ లేదు. అది పెట్టాలంటే గొయ్యి తీసి, పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొయ్యాలి. ఉప్పు బస్తాల మీద కూర్చుని టీ తాగే ఇల్లది. నేను మాత్రం వచ్చే ఆదివారం, పై ఆదివారం అనుకుంటూ, పచ్చ వైరును చుట్టచుట్టి మోటారు కింద దోపేశాను. కంపెనీలో అదే పని ఇంకొకడు చేసుంటే గంటసేపు చీవాట్లు పెట్టేవాణ్ణి.

రెండేళ్లకు ఫోనొచ్చింది. ఉప్పునీళ్లకు మోటారు లోపల తుప్పు పట్టి, కరెంటు పైకి లీకైంది. ఆవిడ నిండు అరచెయ్యి దాని మీద వేసింది. పక్కన చేపలు కడిగే మనిషి మెయిన్ స్విచ్ ఆపబట్టి ప్రాణం దక్కింది.

బందరు వెళ్తుంటే పామర్రులో బస్సు ఆగిన పది నిమిషాలూ డ్రైవరును తిట్టుకున్నాను. నిజానికి తిట్టుకోవాల్సింది నన్ను. వెనకచెయ్యి మాన్పించిందీ నేనే, వైరు దాచిందీ నేనే. ఆవిడ పోయుంటే చంపింది నేనే.

ఆస్పత్రిలో ఆవిడ కుడిచేతికి కట్టుంది. నన్ను చూసి, "మార్కుకేం కాలేదండీ, బాగానే ఉంది" అంది. నేను పచ్చ వైరు సంగతి, తియ్యని గొయ్యి సంగతి, అందులో పొయ్యాల్సిన ఉప్పు సంగతి అన్నీ చెప్పేశాను.

"ఉప్పెంత కావాలి?" అని అడిగింది.

ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడే గొయ్యి తవ్వాను. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఎడంచేత్తో బస్తాలు చూపించింది. "చేపకైతే తెచ్చిన పూటే ఉప్పేస్తాం అల్లుడు గారూ. మీరు రెండేళ్లు ఆగారు."

మోటారు బాగుచేయించి, వైరు కలిపి, మీటరుతో చూశాను. అంతా సరిగ్గానే ఉంది. స్విచ్ వేశాను.

"ముందు మీరు ముట్టుకోండి," అంది.

నాకు తెలియకుండానే చెయ్యి తిరగేశాను. ఆవిడ అది చూసి, ఎడంచేత్తో పైపు అందుకుంది.